గోడ పూతకు మెరుగైన చేతి పనిముట్టు: తాపీ కార్మికుని భుజభారం తగ్గించే మార్గం

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి (ప్రత్యేక వ్యాసం):

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇంటి నిర్మాణంలో కష్టమైన ఘట్టం ఏదని యజమానిని అడిగితే పునాది అనో, పైకప్పు అనో చెబుతాడు. తాపీ మేస్త్రీని అడిగితే మాత్రం గోడల పూత అంటాడు. పూర్వపు వరంగల్ జిల్లాలో గిలాబు అని పిలిచే ఈ పనికి ఆధారం నేటికీ మూడు నాలుగు చేతి పనిముట్లే. తాపీ, బద్ద, చదును చేసే చెక్క పలక, తూకం గుండు. కాంక్రీటు కలపడానికి యంత్రం వచ్చింది. పైకప్పుకు మాలు ఎత్తడానికి లిఫ్టు వచ్చింది. గోడకు మాలు పట్టించే పని మాత్రం తాతల కాలంలో వలెనే మణికట్టు బలంపై నడుస్తున్నది.

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పాత వరంగల్ నుండి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వేరుపడ్డాయి. మూడింటిలోనూ గ్రామీణ గృహ నిర్మాణం విస్తృతంగా సాగుతున్న పని. 2015లో 560 చదరపు అడుగుల విస్తీర్ణంతో రెండు పడక గదుల ఇళ్ల పథకం ప్రారంభమైంది. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం ప్రారంభమైంది. ఇందులో సొంత స్థలం గల పేద కుటుంబం కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు కట్టుకొనేందుకు రూ.5 లక్షల సహాయం విడతల వారీగా అందుతుంది. చివరి విడత ఇల్లు పూర్తయిన తరువాత విడుదలయ్యేది. గోడలు లేచి, పైకప్పు పడి, పూత దగ్గర ఆగిపోయిన ఇళ్లు ఏ గ్రామంలోనైనా కనిపిస్తాయి. పూత లేని ఇటుక గోడ వర్షపు నీటిని పీల్చుకుంటుంది, సందుల్లో తేళ్లకు, పురుగులకు ఆశ్రయమిస్తుంది. అందువలన పూతను అలంకారంగా కాక, ఇంటి రక్షణగా చూడవలసి ఉన్నది.

ఒక ఇంటికి అయిదు టన్నులు

పూత పని బరువు ఎంతటిదో ఒక చిన్న లెక్కతో తెలుసుకొనవచ్చును. ఈ వ్యాస రచయిత చదువుకున్నది సాహిత్యమే అయినను, ఈ లెక్కకు ఇంజనీరు కానవసరం లేదు.

ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తుతో మధ్యలో ఒక అడ్డగోడ గల 400 చదరపు అడుగుల ఇంటిని తీసుకుందాం. తలుపులు, కిటికీల ఖాళీలు తీసివేయగా లోపల, వెలుపల కలిపి సుమారు 1,800 చదరపు అడుగుల గోడకు పూత వేయవలసి వస్తుంది. సాధారణంగా లోపలి గోడకు 12 మిల్లీమీటర్ల మందం, వెలుపలి గోడకు 20 మిల్లీమీటర్ల మందం పూస్తారు. ఆ లెక్కన రెండున్నర ఘనపు మీటర్ల మాలు అవసరమవుతుంది. తడి మాలు ఘనపు మీటరుకు సుమారు రెండు టన్నుల బరువు తూగుతుంది. అంటే ఒక్క పేద ఇంటి గోడల మీదకు చేరేది అయిదు టన్నులు.

ఈ అయిదు టన్నులనూ మేస్త్రీ తాపీతో విసురుతాడు. తాపీకి కిలో చొప్పున లెక్క వేసుకున్నా అయిదు వేల విసుర్లు. గోడను పట్టక కింద జారిన మాలును మళ్లీ ఎత్తి విసరడం ఈ లెక్కలో లేదు. బద్దతో లాగడం, పలకతో గుండ్రంగా రుద్దడం ఆపై సంగతి. మేస్త్రీకి తట్టతో మాలు అందించే సహాయకురాలు అదే బరువును నేల మీద నుండి నడుము ఎత్తుకు, నడుము నుండి పరంజా మీదకు ఎత్తుతుంది. మాలు అందించే పనిలో స్త్రీలే అధికంగా ఉంటారన్నది ఎరుగని వారుండరు. భుజం కీలు, మణికట్టు, నడుము నొప్పులు తాపీ వృత్తిలో సహజమని సరిపెట్టుకోవడం అలవాటైపోయింది. తడి సిమెంటుకు గల తీవ్రమైన క్షారగుణం వలన వేళ్ల చర్మం ఒరిసిపోవడం వీటికి తోడు.

కనుక పూత పనిముట్టు మెరుగైనదని చెప్పడానికి మొదటి కొలత వేగం కాదు. ఆ అయిదు వేల విసుర్లలో ఎన్నింటిని అది తప్పించగలదన్నదే మొదటి కొలత.

పెట్టె తాపీ పనితీరు

విసరడానికి బదులు మాలును గోడకు ఒత్తుతూ పైకి లాగే చేతి పనిముట్టు ఒకటి వివిధ రూపాల్లో వాడుకలోకి వచ్చింది. వివరణ సౌలభ్యం కోసం దీనిని పెట్టె తాపీ అందాం. ఇనుప లేదా అల్యూమినియం రేకుతో చేసిన చిన్న పెట్టె ఇది. గోడ వైపు భాగం తెరచి ఉంటుంది. రెండు పక్కల రేకులు గోడను తాకుతూ జారుతాయి. కింది అంచు మాత్రం ఆ పక్క రేకుల కన్న 12 మిల్లీమీటర్లు వెనుకకు ఉంటుంది. ఆ ఖాళీయే పూత మందం. పెట్టెలో మాలు నింపి, రెండు చేతులతో పిడి పట్టుకొని గోడకు ఆనించి కింది నుండి పైకి లాగితే, పెట్టె లోపలి వాలు రేకు మాలును గోడ వైపు నెడుతుంది. వెనుక వస్తున్న కింది అంచు దానిని సమంగా కోస్తూ పోతుంది. పెట్టె దాటిన చోట పట్టీ ఆకారంలో పూత మిగులుతుంది.

ఇందులో గమనించదగిన సుగుణం ఒకటున్నది. తాపీతో విసిరేటప్పుడు చేయి ఎంత పైకి పోతే భుజానికి శ్రమ అంత పెరుగుతుంది. పెట్టె తాపీలో పైకి పోయే కొద్దీ మాలు గోడకు చేరి పెట్టె తేలికవుతుంది. చేయి భుజాన్ని దాటే వేళకు పెట్టె దాదాపు ఖాళీ. బరువంతా నడుము ఎత్తున, కాళ్ల బలం తోడుగా ఉన్నచోట మోయవలసి వస్తుంది.

అయితే పెట్టె వెడల్పు ఎంత ఉండాలన్న దగ్గరే చాలా నమూనాలు తప్పటడుగు వేస్తాయి. 30 సెంటీమీటర్ల వెడల్పు గల పెట్టెతో మీటరు ఎత్తు లాగడానికి 12 మిల్లీమీటర్ల మందంలో మూడున్నర లీటర్ల పైచిలుకు, అంటే ఏడు కిలోల మాలు కావాలి. వెడల్పును 60 సెంటీమీటర్లకు పెంచితే పద్నాలుగు కిలోలు. దానికి పెట్టె సొంత బరువు అదనం. పని రెండింతలు అవుతుందన్న ఆశతో వెడల్పాటి పెట్టె చేయించిన మేస్త్రీ మధ్యాహ్నానికే దానిని పక్కన పడవేస్తే ఆశ్చర్యం లేదు. అడుగు వెడల్పు, సన్నని రేకు, రెండు చేతుల పిడి, అరచేతిలో జారని రబ్బరు తొడుగు. ఇంతకు మించి ఆర్భాటం అవసరం లేదు.

తయారీకి పెద్ద కర్మాగారం కూడా అక్కరలేదు. రేకు కోసి, మడిచి, అతికే సామర్థ్యం గల వెల్డింగు దుకాణాలు మండల కేంద్రాల్లో ఉన్నాయి. లోహపు రేకును సుత్తితో మలచి శిల్పంగా తీర్చే పెంబర్తి కళాకారులు జనగామ జిల్లా వారే. రేకు పనికి ఈ ప్రాంతం కొత్త కాదు.

మేస్త్రీల అభ్యంతరాలు

అనుభవజ్ఞులైన మేస్త్రీలు ఇటువంటి పనిముట్టును చూడగానే రెండు అభ్యంతరాలు చెబుతారు. రెండింటిలోనూ నిజమున్నది.

మొదటిది తూకం గురించినది. పూత పని కేవలం గోడను కప్పడం కాదు, గోడ వంకరను సరిదిద్దడం. ఇటుక వరుస ఒకచోట ముందుకు, ఒకచోట వెనుకకు ఉంటే మేస్త్రీ తూకం గుండు వేసి, గోడపై అక్కడక్కడ మాలుతో బొట్లు పెట్టి, వాటిని కలుపుతూ నిలువు పట్టీలు తీసి, ఆ పట్టీల మట్టానికి మధ్య భాగాన్ని నింపుతాడు. ఒకచోట పూత 8 మిల్లీమీటర్లు ఉంటే మరొకచోట 20 ఉండవచ్చును. పెట్టె తాపీకి ఈ వివేకం లేదు. గోడ ఎలా వంగితే అలా వంగి, అంతటా ఒకే మందం పూస్తుంది. ఫలితంగా వంకర గోడకు నున్నని వంకర పూత వస్తుంది.

దీనికి పరిష్కారం పనిముట్టులో కన్న పని పద్ధతిలో ఉన్నది. పాత పద్ధతిలో వలెనే తూకం చూసి నిలువు పట్టీలు ముందుగా తీసి, అవి గట్టిపడిన పిదప పెట్టె పక్క రేకులను వాటి మీదుగా జారనిస్తే పూత పట్టీల మట్టానికి వస్తుంది. దీనికి పట్టీల మధ్య దూరం పెట్టె వెడల్పుకు సరిపోవాలి. లేదా తాత్కాలికంగా సన్నని అల్యూమినియం బద్దలను గోడకు బిగించి పని అయ్యాక తీయవచ్చును. ఎలా చేసినా తూకం గుండు, బద్ద పక్కకు పోవు. పెట్టె తాపీ విసురును తప్పిస్తుంది కాని మేస్త్రీ కంటిచూపును తప్పించదు. ఆ మాట ముందే చెప్పకుండా పనిముట్టును అమ్మజూపడం వలననే ఇటువంటివి మూలపడుతున్నాయి.

గోడ రకాన్ని బట్టి కూడా ప్రయోజనం మారుతుంది. బూడిద ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఒకే కొలతలో ఉంటాయి గనుక గోడ చాలావరకు సమంగా లేస్తుంది. భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి బొగ్గు ఆధారిత కేంద్రాల నుండి వెలువడే బూడిద ఇటువంటి ఇటుకల తయారీకి ముడిసరుకు. ఆ గోడలపై పెట్టె తాపీ బాగా నడుస్తుంది. చేతి అచ్చు ఎర్ర ఇటుక గోడపై పట్టీలు తప్పనిసరి. మహబూబాబాద్ జిల్లా తండాలలో నేటికీ కనిపించే మట్టిగోడల పాత ఇళ్లకు మాత్రం ఇది పనికిరాదు. అక్కడ గోడ సిమెంటు పూతనే సరిగా పట్టుకోదు. మట్టిగోడకు మట్టిపూత, సున్నపు పూతలే తగినవి.

రెండవ అభ్యంతరం పట్టు గురించినది. బలంగా విసిరిన మాలు ఇటుక సందుల్లోకి దూసుకుపోయి, మధ్యనున్న గాలిని వెళ్లగొట్టి గట్టిగా అతుక్కుంటుంది. లాగిన మాలుకు ఆ పట్టు రాదంటారు మేస్త్రీలు. వాలు రేకు ఒత్తిడి చాలినంత ఉంటే ఈ లోపం తగ్గుతుంది. గోడను ముందుగా తడపడం, ఇటుకల మధ్య సందులను లోతుగా గీకి ఉంచడం, కాంక్రీటు స్తంభాలు, దూలాల నున్నని ముఖంపై గాట్లు పెట్టి పలుచని సిమెంటు నీళ్లు చల్లడం వలన పట్టు పెరుగుతుంది. ఇవి ఏ పద్ధతిలోనైనా చేయవలసినవే. తాపీతో విసిరేటప్పుడు వీటిని దాటవేసినా కొంత చెల్లుతుంది, పెట్టె తాపీతో చెల్లదు.

పట్టును పరీక్షించడం సులభం. ఒకే గోడను రెండుగా విభజించి సగం తాపీతో, సగం పెట్టెతో పూసి, ఏడు రోజులు నీళ్లు పట్టిన తరువాత చిన్న కర్రతో తట్టాలి. బోలు శబ్దం వచ్చిన చోట పూత గోడను వదిలినట్లు గుర్తు. వాదన కన్న ఈ శబ్దమే మంచి సాక్ష్యం.

మాలు విషయంలోనూ జాగ్రత్త అవసరం. లోపలి గోడకు ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక, వెలుపలికి ఒకటికి నాలుగు పాళ్లు వాడడం వాడుక. పెట్టెలో మాలు మరీ పలుచనైతే కారిపోతుంది, చిక్కనైతే జారదు. ఇసుకలో ఒక్క గులకరాయి మిగిలినా అది అంచు కింద చిక్కుకొని మీటరు పొడవున గోడపై గీత గీస్తుంది. అందువలన గోదావరి ఇసుకైనా, రాతిని పొడి చేసిన ఇసుకైనా సన్న జల్లెడ పట్టక తప్పదు. నీరు కలిపిన మాలును అరగంటలో వాడేయాలన్న నియమం ఇక్కడ మరింత ముఖ్యం. పెట్టె మూలల్లో గట్టిపడిన మాలు తరువాతి పనిని పాడు చేస్తుంది. గోడ పూత పద్ధతికి 1661, పూత ఇసుకకు 1542, పూత పనిముట్లకు 1630 సంఖ్యలతో భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. కొత్త నమూనా చేయదలచిన వారు వీటిని ఒకసారి చూడడం మేలు.

కంప్రెసరుతో మాలును చిమ్మే తుపాకీలు, గది ఎత్తున పైకీ కిందికీ నడిచే విద్యుత్ యంత్రాలు నగరాల్లోని పెద్ద నిర్మాణాలకు ఉన్నాయి. రెండు గదుల ఇంటికి, కరెంటు ఉండీ లేని నిర్మాణ స్థలానికి, మోపెడ్ మీద పనిముట్లు కట్టుకొని పోయే మేస్త్రీకి అవి అందవు.

మరొక చిన్న మార్పు కూడా ఇక్కడ చెప్పదగినది. మాలు తట్టను నేలపై కాక నడుము ఎత్తు గల ఇనుప బల్లపై ఉంచితే, మేస్త్రీ ప్రతిసారీ వంగవలసిన అవసరం పోతుంది. మూడు కాళ్ల మడత బల్ల చేయించడానికి పెట్టె తాపీ కన్న తక్కువ తెలివి చాలు. కాని నడుముకు చేసే మేలు దానికి ఏమాత్రం తీసిపోదు.

లాభం ఎవరికి

పని త్వరగా అయితే ఆ లాభం ఎవరికి చేరుతుందన్నది తేల్చవలసిన ప్రశ్న. చదరపు అడుగు లెక్కన గుత్తకు పని చేసే మేస్త్రీకి మిగిలిన సమయం సొంతం. దినకూలికి పని చేసే వారికి పని దినాలు తగ్గవచ్చును, ముఖ్యంగా మాలు అందించే స్త్రీలకు. గోడకు చేరవలసిన మాలు బరువు మారదు గనుక అందించే చేతుల అవసరం పూర్తిగా పోదు. అయినప్పటికీ సహాయకులుగా ఉన్న స్త్రీలకే పెట్టె తాపీ పట్టడం, తూకం చూడడం నేర్పితే, ఏళ్ల తరబడి పని చేసినా సహాయకురాలిగానే మిగిలిపోయే స్థితి మారుతుంది. 1998లో ఏర్పాటైన జాతీయ నిర్మాణ సంస్థ, న్యాక్, తాపీ పనిలో శిక్షణ ఇస్తున్నది. ఇటువంటి శిక్షణలో స్త్రీల చేతికి తట్టతో పాటు తాపీ కూడా అందాలి.

ఆలేరు అనుభవం

చేతుల శ్రమను లెక్కించి పనిముట్టును కనిపెట్టిన ఉదాహరణ జనగామకు పొరుగునే ఉన్నది. యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, చీర నేతకు ముందు ఆసు పోయడానికి తన తల్లి లక్ష్మి రోజూ వేల సార్లు చేయి తిప్పవలసి రావడం చూసి, 1992లో ప్రయత్నం మొదలుపెట్టి 1999 నాటికి ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ లభించాయి. ఏడేళ్లు పట్టిన ఆ ప్రయత్నంలో మొదటి నమూనాలు పనిచేయలేదు. గోడ పూత పనిముట్టు చేయబూనిన వారు మొదటి పెట్టె విఫలమైతే నిరుత్సాహపడనవసరం లేదు.

గ్రామీణ ఆవిష్కర్తలను వెదకి వెలుగులోకి తెచ్చే పనిలో పల్లె సృజన సంస్థ 2005 నుండి ఉన్నది. 2017లో ఏర్పాటైన రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్, 2019లో ‘ఇంటింటా ఇన్నోవేటర్’ కార్యక్రమాన్ని ప్రారంభించి, జిల్లా కేంద్రాల్లో స్వాతంత్ర్య దినోత్సవం నాడు స్థానిక ఆవిష్కరణలను ప్రదర్శింపజేసింది. చదువుతో నిమిత్తం లేకుండా రైతు, విద్యార్థి, మేస్త్రీ ఎవరైనా తమ నమూనాను ముందుకు తేవచ్చునన్నది దీని ఉద్దేశం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పేటెంటు చట్టం ప్రకారం ఆవిష్కరణ దరఖాస్తు నాటికి కొత్తదై ఉండాలి. ఉత్సాహంతో ముందే వీడియో తీసి అందరికీ పంపినా, పదిమంది ఎదుట పని చేసి చూపినా ఆ కొత్తదనం పోయినట్లు పరిగణించే ప్రమాదమున్నది. ముందు దరఖాస్తు, పిదప ప్రదర్శన. ఈ వరుస తప్పిన ఆవిష్కర్త తన పనిముట్టును మరొకరు తయారు చేసి అమ్ముతుంటే చూస్తూ ఊరుకోవలసి వస్తుంది. పేటెంటు మంజూరైతే దరఖాస్తు తేదీ నుండి 20 సంవత్సరాల రక్షణ ఉంటుంది. పెట్టె తాపీ వంటిది ఇప్పటికే లోకంలో ఉన్నది గనుక మొత్తం పనిముట్టుపై హక్కు రాదు. అందులో తాము చేర్చిన కొత్త అంశం, ఉదాహరణకు మందం మార్చుకొనే మర, వంకర గోడపై తూకం నిలిపే ఏర్పాటు వంటి వాటికే రావచ్చును. 2000 సంవత్సరంలో ఏర్పడిన జాతీయ ఆవిష్కరణల ఫౌండేషన్ గ్రామీణ ఆవిష్కర్తల తరఫున పేటెంటు దరఖాస్తులు దాఖలు చేయడంలో సహకరిస్తుంది.

పనిముట్టు కొనడానికి సాయం

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో తాపీ పని ఒకటి. నమోదైన మేస్త్రీకి నైపుణ్య పరిశీలన, 5 నుండి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భృతి, పనిముట్ల కోసం రూ.15,000 విలువైన ఎలక్ట్రానిక్ వోచరు లభిస్తాయి. తదుపరి 5 శాతం వడ్డీపై తొలి విడతగా రూ.1 లక్ష, దానిని తీర్చిన పిదప రూ.2 లక్షల వరకు పూచీకత్తు లేని రుణానికి అవకాశమున్నది. 18 ఏళ్లు నిండి, స్వయం ఉపాధిపై చేతి పనిముట్లతో వృత్తి చేసుకుంటున్నవారు అర్హులు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. ప్రభుత్వ ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు వర్తించదు. ఆధార్, మొబైలు నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు, రేషన్ కార్డుతో సమీప కామన్ సర్వీస్ సెంటరులో నమోదు చేయించుకోవచ్చును. గ్రామాల్లో తొలి పరిశీలన గ్రామపంచాయతీ స్థాయిలో జరుగుతుంది.

దీనితో పాటు 18 నుండి 60 ఏళ్ల మధ్య వయసు కలిగి, గడచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పనులు చేసిన వారు, మాలు అందించే సహాయకులతో సహా, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో కార్మిక శాఖ ద్వారా నమోదు కావచ్చును. నిర్మాణ వ్యయంపై వసూలు చేసే ఒక శాతం సెస్సు ఈ మండలి నిధికి ఆధారం. చట్టం నిర్దేశించిన పరిమితికి మించని వ్యయంతో సొంత నివాసం కట్టుకొనే వారికి ఈ సెస్సు లేదు. కనుక ఇందిరమ్మ ఇంటిని ఆ పరిమితిలో కట్టుకొనే యజమానిపై దీని భారం పడదు, అదే ఇంటికి పూత పూసిన కార్మికుని నమోదు హక్కుకూ లోటు రాదు.